ఉప్పును తట్టుకునే వరి సరే, ఏ వయసులో?

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ఢిల్లీలో రెండు కొత్త వరి రకాలను ప్రకటించారు. క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతిలో మన దేశంలో తయారైన తొలి వరి రకాలివి. రెండింటి పుట్టిల్లూ కోస్తా ఆంధ్రే. మొదటిది కమల, దానికి మూలం బాపట్ల సాంబ మసూరి. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1. దానికి మూలం మారుటేరు పరిశోధనా కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 1010, అంటే రైతులకు బాగా తెలిసిన కాటన్ దొర సన్నాలు. అందులో డీఎస్‌టీ అనే ఒకే ఒక జన్యువును పనిచేయకుండా చేశారు. ఉప్పు నేలల్లో, క్షార నేలల్లో ఈ రకం 9.66 నుంచి 30.4 శాతం వరకు ఎక్కువ దిగుబడి ఇస్తుందని ఆ రోజు ప్రకటనలో చెప్పారు. మర్నాటి పత్రికల్లో 'చౌడును తట్టుకునే వరి' అని శీర్షికలు వచ్చాయి.

జన్యు సవరణ మంచిదా కాదా అనే చర్చ వేరు. దాన్ని అలా ఉంచి, ఇక్కడ ఒక చిన్న మాట ఎక్కడ జారిపోయిందో చూడాలి. ఇదే సవరణను ఎంటీయూ 1010లో చేసిన శాస్త్రవేత్తలు 2020లో ప్రచురించిన పరిశోధన పత్రంలో, ఈ మొక్కలు ఉప్పును బాగా తట్టుకున్నాయని రాశారు. అయితే 'నారు దశలో' అన్న మాటను దాని పక్కనే ఉంచారు. పరిశోధన పత్రం నుంచి ప్రకటనకు, ప్రకటన నుంచి శీర్షికకు వచ్చేసరికి ఆ మాట మాయమైంది. ఇది ఈ ఒక్క రకానికే పరిమితమైన సంగతి కాదు. ఉప్పును తట్టుకుంటాయని పేరున్న చాలా రకాల గురించి మనకు అందే సమాచారం ఇలాగే వయసు లేకుండా అందుతుంది. వరి విషయంలో వయసు చెప్పని సమాచారం సగం సమాచారమే.

ఎందుకంటే వరి మొక్కకు ఉప్పు మీద జీవితమంతా ఒకే రకమైన ఓర్పు ఉండదు. గింజ ఉప్పు నీళ్లలోనూ మొలకెత్తుతుంది. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. మొలక వచ్చాక రెండు మూడు ఆకులు వేసే రోజుల్లో మొక్క ఒక్కసారిగా బలహీనపడుతుంది. ఈ వారం నుంచి మూడు వారాల వయసే గండం. ఆ గండం గడిచి పిలకలు వేసే దశకు వస్తే మళ్లీ గట్టిపడుతుంది. చివరగా పొట్ట దశలో, పూత దశలో మరోసారి సున్నితమైపోతుంది, తాలు గింజలు పడేది అప్పుడే. పైగా నారు దశలో ఓర్పు చూపిన రకం పూత దశలోనూ ఓర్చుకుంటుందన్న హామీ లేదు. ఆ రెండు ఓర్పుల వెనుకా వేర్వేరు జన్యువులున్నాయని వరి ప్రజనన శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు.

లేత మొక్కే ఎందుకు దెబ్బతింటుంది? మొదటి కారణం ఉప్పు కూడా కాదు, నీళ్లు. నేలలో ఉప్పు ఎంతుందో ఆ మట్టి నీటి విద్యుత్ వాహకతను కొలిచి చెబుతారు. కొలమానం మీటరుకు డెసీసైమన్స్. సముద్రపు నీరు సుమారు 50 ఉంటుంది. వరి నారును పరీక్షించడానికి శాస్త్రవేత్తలు సాధారణంగా వాడేది 12. ఆ 12 ఉన్న నీటి నుంచి వేరు నీళ్లు లాక్కోవాలంటే నాలుగు వాతావరణ పీడనాలను మించిన వెనక్కిలాగుడును ఎదిరించాలి. ఇంకోలా చెప్పాలంటే, నలభై మీటర్ల పైన ఉన్న ట్యాంకుకు నీళ్లు ఎక్కించడానికి మోటారు పడే శ్రమ అది. రెండు ఆకుల మొక్క ఆ పని చేయాలి, అదీ గింజలో దాచుకున్న పిండి అయిపోవచ్చిన రోజుల్లో.

రెండో దెబ్బ సోడియంది. మామూలుగా వేరు లోపలి పొరలు జల్లెడలా పనిచేసి ఏది లోపలికి వెళ్లాలో ఎంచుతాయి. వరిలో ఆ జల్లెడకు సందులెక్కువ. నీటితోపాటు కొంత సోడియం కణాల మధ్య ఖాళీల గుండా దొడ్డిదారిన నేరుగా నీటి నాళాల్లోకి చేరి ఆకుల్లోకి పోతుంది. పెద్ద మొక్కకు ఆకులెక్కువ కాబట్టి, వచ్చిన ఉప్పు పలచబడుతుంది. ముదురాకుల్లోకి నెట్టేసి, అవి ఎండిపోయినా కొత్త ఆకులతో నెట్టుకురావచ్చు. మూడు ఆకుల మొక్కకు బలి ఇవ్వడానికి ముదురాకులెక్కడివి? అదే మోతాదు ఉప్పు చిన్న గిన్నెలో పడ్డట్టు ఉంటుంది. ఆకు కొసలు తెల్లబడి, చుట్టుకుని, పది పన్నెండు రోజుల్లో మొక్క చనిపోతుంది.

ఈ దశలో మొక్కను కాపాడే జన్యువుల్లో ఒకదాన్ని చైనా, అమెరికా శాస్త్రవేత్తలు 2005లో గుర్తించారు. అది దొరికింది నోనా బొక్రా అనే బెంగాలీ దేశవాళీ వరిలో. వేరు నాళాల్లోకి ఎక్కిన సోడియంను మధ్యలోనే పట్టి వెనక్కి లాగి, ఆకుల దాకా పోనివ్వకుండా చేసే ద్వారం లాంటి ప్రొటీన్‌ను అది తయారు చేస్తుంది. కేరళ పొక్కాలి వరిలో ఇదే ప్రాంతాన్ని, అంటే ఒకటో క్రోమోజోమ్‌లోని ఒక భాగాన్ని, సాల్టోల్ అని పిలుస్తున్నారు. ఉప్పు ఓర్పు కోసం వరిలో జరిగిన ప్రజనన ప్రయత్నాల్లో చాలావాటికి ఇదే ఆధారం. సాల్టోల్ ప్రధానంగా నారు దశ కవచం. పూతకు అది పెద్దగా అక్కరకు రాదు. నారు దశలోనైనా ఒంటరిగా అంతా చేయలేదు.

పొక్కాలి రైతులు ఏం చేస్తారో చూస్తే అసలు విషయం తెలుస్తుంది. ఎర్నాకుళం, అలప్పుళ, త్రిస్సూర్ జిల్లాల తీరంలో సముద్రపు పోటు నీరు వచ్చిపోయే పొలాలవి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అదే పొలంలో రొయ్యలు పెరుగుతాయి. ప్రపంచంలో ఉప్పును బాగా తట్టుకునే వరి రకాల్లో దీని పేరు ముందుంటుంది. 2008లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంత పేరున్న వరి కదా, నేరుగా ఉప్పు మట్టిలో చల్లేస్తారని అనుకుంటాం. వాళ్లు అలా చేయరు. వేసవిలో నీళ్లు తీసేసి పొలమంతా చిన్న చిన్న మట్టి దిబ్బలు పోస్తారు. రుతుపవనాల తొలి జల్లులకు ఆ దిబ్బల్లోని ఉప్పు కడుక్కుపోతుంది. అప్పుడు మొలక కట్టిన విత్తనాన్ని దిబ్బల మీద చల్లుతారు. నెల దాటాక, నారు జానెడు పైన పెరిగాక, దిబ్బలను పారలతో కోసి, మొక్కలను మట్టి గడ్డలతో సహా పొలమంతా పరుస్తారు. అప్పటికి వానలు పొలాన్ని కూడా కడిగేసి ఉంటాయి.

అంటే ప్రపంచానికి నారు దశ ఓర్పు జన్యువునిచ్చిన వరినే, దాన్ని తరతరాలుగా పండిస్తున్నవాళ్లు నారు దశలో ఉప్పుకు అప్పగించలేదు. జన్యువు ఉన్నా దిబ్బ పోశారు. జన్యువు ఒక్కటే చాలదని వాళ్లకు ఏ ప్రయోగశాలా చెప్పలేదు.

గోధుమలోనూ ఇదే తీరు. రాజస్థాన్ పాలీ జిల్లా ఉప్పు నేలల నుంచి వచ్చిన ఖర్చియా గోధుమ ఈ విషయంలో పేరుమోసినది. హర్యానాలోని కర్నాల్‌లో 1969 నుంచి పనిచేస్తున్న కేంద్ర మృత్తికా లవణీయతా పరిశోధన సంస్థ తెచ్చిన కేఆర్‌ఎల్ 1-4 రకానికి ఖర్చియా 65 ఒక జనకం. పాలీ రైతులు వానాకాలంలో పొలాన్ని బీడు వదిలి, వాన నీటితో పైపొర ఉప్పును కిందికి దింపి, ఆ తేమలో గోధుమ విత్తుతారు. ఉప్పు నీటి తడులు ఆ తర్వాతే. కాలువ నీరు, ఉప్పు బోరు నీరు రెండూ ఉన్నచోట, మంచి నీటిని విత్తే ముందు తడికీ తొలి తడులకూ దాచుకుని, ఉప్పు నీటిని తర్వాతి తడులకు వాడమని కర్నాల్ శాస్త్రవేత్తలు కూడా చెబుతారు. ఉన్న మంచి నీళ్లు పసి మొక్కకే.

మన తీరంలో ఈ కాపుదల పని ఇన్నాళ్లూ నారుమడి చేసింది. కృష్ణా, బాపట్ల, గోదావరి జిల్లాల సముద్రం దగ్గరి పొలాల్లో ఏప్రిల్, మే నెలల్లో నేల మీద ఉప్పు తెల్లగా పూస్తుంది. దాన్ని పాల చౌడు అంటారు. క్షారం ఎక్కువై నేల గట్టిపడి నల్లగా కనిపించే కారు చౌడు వేరే జబ్బు. దానికి జిప్సమ్, జీలుగ మందు. పాల చౌడుకు జిప్సమ్ వేసి లాభం లేదు, మంచి నీళ్లతో కడగాల్సిందే. ఈ తేడా తెలియక డబ్బు పోసుకున్న రైతులు తక్కువేమీ కాదు. పాల చౌడు పొలాల రైతులు మంచి నీరున్న చోట నారు పోసి, నెల దాటిన ముదురు నారును, కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టి నాటేవారు. శాస్త్రవేత్తల సిఫారసు కూడా అదే, చౌడు నేలల్లో 30 నుంచి 35 రోజుల నారు, కుదురుకు మొక్కలు ఎక్కువ. గండం వయసును మొక్క వేరే చోట గడిపి వస్తుందన్నమాట. ఈ ఏర్పాటు ఉన్నంతకాలం, రకానికి నారు దశలో ఎంత ఓర్పు ఉందన్న ప్రశ్న రైతుకు ప్రాణం మీదికి రాలేదు.

ఇప్పుడు వస్తోంది. కూలీల కొరత, నాట్ల ఖర్చు, కాలువలకు నీళ్లు ఆలస్యంగా రావడం, ఇవన్నీ కలిసి రైతును వెద సాగు వైపు నెడుతున్నాయి. ప్రభుత్వాలు కూడా ప్రోత్సహిస్తున్నాయి. నీళ్లు ఆదా అవుతాయి, మీథేన్ తగ్గుతుంది, పంట వారం పది రోజులు ముందు చేతికొస్తుంది. ఇవన్నీ నిజాలే. మంచి నేలల్లో ఈ పద్ధతిని తప్పుపట్టడానికేమీ లేదు. చౌడు నేలలో మాత్రం, నారుమడి తీసేయడం అంటే పసిమొక్కకున్న ఒకే ఒక్క గొడుగు తీసేయడం.

పొడి దుక్కిలో విత్తితే పరిస్థితి ఇంకా కష్టం. నిలువ నీరున్న మడిలో ఉప్పు కిందికి దిగుతుంది. తడి ఆరుతున్న నేలలో నీరు సన్నని రంధ్రాల గుండా పైకి పాకి, గాలిలోకి ఆవిరై, మోసుకొచ్చిన ఉప్పును పైపొరలో వదిలేస్తుంది. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్టే. అందువల్ల ఉప్పు ఎక్కువగా పోగయ్యేది పై రెండు మూడు సెంటీమీటర్లలో. విత్తనం పడేదీ అక్కడే. రెండు వానల మధ్య పది రోజుల ఎండ చాలు.

ఇలాంటప్పుడు రైతుకు, వ్యవసాయ అధికారికి చేతిలో ఉన్న సమాచారమేమిటి? పాఠ్యపుస్తకాల్లో ఒక పట్టిక ఉంటుంది. వరి 3 డెసీసైమన్స్ వరకు, గోధుమ 6 వరకు, బార్లీ 8 వరకు దిగుబడి తగ్గకుండా తట్టుకుంటాయని. ఆ హద్దు దాటాక ఒక్కో డెసీసైమన్‌కు వరి దిగుబడి 12 శాతం చొప్పున తగ్గుతుందని. 1977లో అమెరికాకు చెందిన మాస్, హాఫ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు క్రోడీకరించిన ఈ అంకెలనే ప్రపంచమంతా వాడుతోంది. వాటికి ఆధారమైన ప్రయోగాల్లో చాలావరకు, మొక్కలు మంచి నీటితో నిలదొక్కుకున్నాకే ఉప్పు పెట్టారు. పసి వయసు గురించి ఆ అంకెలు దాదాపుగా ఏమీ చెప్పవు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తన పుస్తకంలో ఇదే పట్టికను అచ్చువేసి, అడుగున చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక చేర్చింది. బార్లీ, గోధుమ మొలక, నారు దశల్లో అంత తట్టుకోవు, అప్పుడు పైమట్టిలో 4, 5 దాటకూడదని. 8 అన్న పెద్ద అంకె అందరికీ కంఠతా వచ్చింది. చిన్న అక్షరాలు చదివినవాళ్లు కొద్దిమంది.

భూసార పరీక్ష కార్డులోనూ విద్యుత్ వాహకత అంకె ఉంటుంది. ఆ అంకెను నేరుగా ఈ పట్టికతో పోల్చకూడదు. కార్డు కోసం మట్టిని దానికి రెట్టింపో అంతకు మించో నీళ్లలో కలిపి కొలుస్తారు. పట్టికలోని అంకెలు మట్టిని ముద్దయ్యేంత నీటితో తడిపి, ఆ నీటిని పిండి కొలిచినవి. మొదటిదానిలో ఉప్పు పలచబడుతుంది కాబట్టి అంకె చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కార్డు మీద 1 చూసి 'మనది మంచి నేలే' అనుకున్న రైతు నేలలో, వేరుకు తగిలే ఉప్పు అంతకు కొన్ని రెట్లు ఉండవచ్చు. పైగా నమూనా తీసేది సాధారణంగా పంట కోశాక, జానెడు లోతు వరకు. విత్తనానికి కావలసింది విత్తే వారంలో, పై రెండు అంగుళాల కొలత. కార్డు తప్పు చెబుతోందని కాదు. అది వేరే ప్రశ్నకు జవాబు.

ఇక పరిశోధన వైపు చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. ప్రయోగశాలల్లో నారు దశ పరీక్షలకు లోటేమీ లేదు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతిలో, పోషక ద్రావణంలో నారు పెంచి, ఉప్పును 12 దాకా పెంచి, రెండు మూడు వారాల్లో 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు. 1 అంటే మొక్క దాదాపు మామూలుగా ఉంది, 9 అంటే పోయినట్టే. చవకైనది, త్వరగా అయ్యేది కాబట్టి అందరూ ఇదే చేస్తారు. పొలంలో రకాలను విడుదల చేసే ముందు జరిగే పోటీ పరీక్షల్లో మాత్రం ఎక్కువగా నాట్లు వేసిన మళ్లలో దిగుబడి చూస్తారు. ఒక చోట నారు ఉంది, పొలం లేదు. ఇంకో చోట పొలం ఉంది, నారు గండం దాటి వచ్చింది. చౌడు పొలంలో వెదజల్లిన విత్తనం ఏమవుతుందన్నది ఈ రెంటి మధ్యా పడిపోయింది. విద్యార్థుల పరిశోధన పత్రాల్లో కోకొల్లలుగా కనిపించే పెట్రి పళ్లెం పరీక్షలు ఇంకో తంతు. ఉప్పు నీటిలో ఎన్ని గింజలు మొలిచాయో లెక్కపెట్టి 'తట్టుకునే రకం' అని రాసేస్తారు. వరికి మొలకెత్తడం సమస్యే కాదని పైన చెప్పుకున్నాం కదా.

వయసుతో సహా చెప్పడం అసాధ్యమేమీ కాదు. పక్కనే బంగ్లాదేశ్‌లో 2007లో విడుదలైన బ్రి ధాన్ 47 రకం గురించి అక్కడి వరి పరిశోధన సంస్థ రైతులకిచ్చే సమాచారంలో రెండు అంకెలు విడివిడిగా ఉంటాయి. నారు దశలో 12 నుంచి 14, ఆ తర్వాత 6. ఆ రెండో అంకె చిన్నదని వాళ్లు దాచలేదు. అక్కడ బోరో పంట జనవరి ప్రాంతంలో నాటుతారు. తీరంలో ఉప్పు పెరిగేది వేసవి ముదిరాక, పంట పూతకు, గింజకు వచ్చే వేళ. ఆ రైతుకు రెండో అంకే ముఖ్యం. మన కోస్తాలో వానాకాలం పంటకు ఇది తలకిందులు. జూన్, జూలైలో వేసవి ఉప్పు ఇంకా కడుక్కుపోకముందే విత్తనం పడుతుంది, పూత వేళకు వానలు నేలను శుభ్రం చేసి ఉంటాయి. ఈ రైతుకు మొదటి అంకె ప్రాణం. దాళ్వాకు వస్తే మళ్లీ రెండోది. ఒకే రకం, ఒకే పొలం, రెండు పంటలకు రెండు వేర్వేరు జవాబులు.

వయసు వారీగా చెప్పడం మొదలుపెడితే రైతు గందరగోళపడతాడని, విడుదల ప్రక్రియ ఇంకా ఆలస్యమవుతుందని కొందరి అభ్యంతరం. మొదటిదాంట్లో పస లేదు. ఎన్నో రోజున ఏ ఎరువు వేయాలో, ఎన్నో రోజున ఏ పురుగుకు ఏ మందు కొట్టాలో పాటిస్తున్న రైతుకు 'ఇరవై రోజుల లోపు ఇది ఉప్పుకు ఆగదు' అన్న వాక్యం బరువేమీ కాదు. ఆలస్యం సంగతి కొంతవరకు నిజమే. పూత దశ పరీక్షకు నెలలు పడుతుంది. నారు దశకు పట్టేది మూడు వారాలు.

దేశంలో ఉప్పు, క్షార నేలలు సుమారు 67 లక్షల హెక్టార్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 2.74 లక్షల హెక్టార్లు, అందులో తీరపు ఉప్పు నేలలు 77 వేల హెక్టార్లకు పైగా. మచిలీపట్నం కేంద్రం ఎంసీఎం పేరుతో చౌడు నేలల కోసమే రకాలు ఇస్తోంది. బాపట్లలో ఉప్పు నేలల మీద, ఉప్పు నీటి మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న పథకం ఉంది. పూసా డీఎస్‌టీ రైస్ 1 ఈ పొలాలకు రావాలంటే, ఎంసీఎం రకాల పక్కన దాన్ని తీరపు మళ్లలో వేసి చూడాలి. నాటిన మడి ఒకటి, వెదజల్లిన మడి ఒకటి, మొదటి మూడు వారాలూ పైమట్టి వాహకతను రోజు విడిచి రోజు కొలుస్తూ. కొలవడానికి కావలసిన చేతి మీటరు ధర కొన్ని వేల రూపాయలు. మూడు వారాల తర్వాత వెదజల్లిన మడిలో మిగిలిన మొక్కలను లెక్కపెట్టి, ఆ అంకెను విత్తన సంచి మీద దిగుబడి శాతం పక్కనే అచ్చువేయవచ్చు.